అందరి ఫోన్లల్ల ఉన్న నా మాట

కూసో ముందుగాల. గట్ల నిలబడి వింటే సగం చెవిల పడ్తది, సగం గాలికి పోతది. ఆ కుర్చీ గుంజుకో, మంచిగ విను, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నడుమల నీ ఇంగ్లీషు కలపకు. "నానమ్మా, ఒక్క వాయిస్ పంపితే అయిపోయే దానికి గంట సేపు టైప్ చేస్తవేంది" అని ఎన్నిసార్లు ఎక్కిరించినవ్ నన్ను? ఇయ్యాల చెప్త. ఇంకా మొదలే పెట్టలే, అరచేతులు చెమట పడ్తున్నయ్. ఇగో, పట్టుకొని చూడు.

నేను బళ్లె పనిచేసిన ఆఖరు సంవత్సరం ముచ్చట ఇది. లాల్‌దర్వాజా గల్లీల సర్కారు బడి, కింద రెండు అర్రలు, మీద రెండు. నాది మూడో తరగతి, ఇరవై తొమ్మిది మంది పిల్లలు. మనం అప్పటికే సైదాబాద్‌ల ఈ ఇంట్లనే ఉన్నం. నువ్వు గప్పుడు ఏడో తరగతి చదువుతున్నవ్, నీకు యాదికి ఉండదు. ఉన్నా, నీకు ఎవ్వరం చెప్పలే.

కరోనాల బడి బంద్ అయినప్పుడు ఫోన్ల క్లాసు గ్రూపు పెట్టినం గదా. బడి తెరిచినంక మిగితా టీచర్లు గ్రూపులు వదిలేసిన్రు. నేను వదల్లే. ప్రతి ఏడు పాతోళ్లను తీసేసి కొత్త పిల్లల తల్లిదండ్రులను అందులకు ఎక్కిస్తనే ఉన్న. ఎందుకంటే క్లాసుల ఒక్కొక్కల్ల చదువు వినాలంటే ఎప్పుడు వింటవ్? బెల్లుకు బెల్లుకు నడుమ ఐదుగురు చదివేసరికి అయిపాయె. అందుకని నేనేం చేసేదాన్నంటే, ఇంటికి వచ్చినంక పుస్తకంల ఒక పేజీ మెల్లగ చదివి వాయిస్ పంపేదాన్ని. పిల్లలు అది విని, అదే పేజీ వాళ్లు చదివి నాకు పంపాలె. నేను కూరగాయలు తరుక్కుంట అందరివి వినేదాన్ని. ఒకని వెనుక కుక్కర్ సీటీలు, ఒకదాని వెనుక వాళ్ల నాయిన తాత లొల్లి, ఇంకొకని ఇంట్ల మేకపిల్ల. మేక అరిస్తే వాడు చదువు ఆపి "నువ్వు చుప్ ఉండు, మేడమ్ వింటున్నది" అనేటోడు. నవ్వచ్చేది నాకు.

గా క్లాసుల ఒక పిల్ల ఉండె. మూడో బెంచి, గోడ పక్కన. క్లాసుల నోరు తెరవదు. హాజరు పిలిస్తే చెయ్యి లేపుతది, గంతే. అడిగితే కండ్లు కిందికి. కొట్టే టీచర్ను కాదు నేను, బుజ్జగించిన, చాక్లెట్ పెట్టిన, పక్కన కూసోవెట్టుకున్న, ఏం లాభం లే. చెవులు వినవడయేమో అనుకున్న ముందుగాల. మరి ఫోన్ల చూస్తే అదే పిల్ల గడగడ చదువుతది! దుప్పటి ముసుగేసుకొని చదివేదట, వాళ్లమ్మ చెప్పింది. గొంతు మూటల కెళ్లి వచ్చినట్టు వచ్చేది గని ఒక్క అక్షరం తప్పు పోదు. ఆగాల్సిన కాడ ఆగుతది, అడగాల్సిన కాడ అడిగినట్టు చదువుతది. క్లాసు మొత్తంల అంత మంచిగ చదివేటోళ్లు ఇద్దరో ముగ్గురో.

వాళ్ల ఇంట్ల ఒక్కటే ఫోన్, నాయిన కాడ. ఆయన అఫ్జల్‌గంజ్‌ల హోల్‌సేల్ కిరాణం దుకాణంల పనిచేస్తడు. ఆరున్నరకు ఇంటికొస్తడు, రాంగనే ఫోన్ పిల్ల చేతికి. ఏడు అయ్యే లోపట నా ఫోన్ల టింగుమనేది. ఆ టింగు కోసం నేను చూసేదాన్ని. ఆ పిల్ల నాతోని మాట్లాడే తొవ్వ అదొక్కటే అని నాకు తెలుసు. అది తెలిసి కూడా నేను చేసిన పని ఇప్పుడు చెప్త.

గా ఏడు పైకెళ్లి బడికి ట్యాబ్ ఇచ్చిన్రు, చదువు పరీక్ష చేసేది. పిల్ల దాని ముందు కూసోవాలె. తెర మీద నాలుగు లైన్లు వస్తయ్, పక్కన నిమిషం గడియారం తిరుగుతది. పిల్ల చదువుతుంటే అదే వింటది, అదే రంగు ఇస్తది. చదివితే పచ్చ, తడబడితే పసుపు, రాకపోతే ఎర్ర. ఆ రంగులన్ని సీదా ఆఫీసుకు పోతయ్. నెలాఖరుకు మీటింగ్ పెట్టి గోడ మీద పెద్దగ వేస్తరని చెప్పిన్రు. బడి పేరు, క్లాసు, టీచర్ పేరు, ఎర్ర ఎంతమంది. వందమంది టీచర్ల ముందట. రాత్రి లేచి ఎర్రలు ఎన్ని పడ్తయో లెక్కపెట్టుకునేదాన్ని బిడ్డా. ఇన్నేండ్లు చాక్‌పీసుతోని చెప్పిన, ఏ ఇన్‌స్పెక్టర్ వచ్చినా తొణకలే. ఆఖరుకు పోంగ పోంగ నా పేరు పక్కన ఎర్ర చుక్క పడ్తదా అని.

మస్తు మందివి పచ్చలే వచ్చినయ్, నాలుగైదు పసుపు. ఆ పిల్ల వంతు వచ్చింది. ట్యాబ్ ముందు కూసున్నది. లైన్లు వచ్చినయ్. గడియారం తిరుగుతున్నది. "చదువు బిడ్డా, ఇది కూడా ఫోన్ లెక్కనే, మీ ఇంట్ల చదివినట్టు చదువు" అన్న. పెదవులు కదులుతున్నయ్, మాట రాదు. "దుప్పటి కప్పాల్నా నీకు" అన్న నేను, కోపంల. వెనుక బెంచీలు నవ్వినయ్. పిల్ల పెదవులు కూడా కదలకుంట అయినయ్. నిమిషం అయిపోయింది. ఎర్ర. మళ్లీ పరీక్ష పెట్టనియ్యదు అది. ఇంట్ల చదివిన వాయిస్ ఉన్నది గదా అంటే తీసుకోదు, పిల్ల మొఖం ఎదురుంగ ఉండాల్నట.

ఇంటికొచ్చిన. చెప్పులు కూడా సరిగ ఇడువలే, నాలుగో తరగతి టీచర్ వాయిస్ పంపింది, "అక్కా, నీకు ఎన్ని ఎర్రలు?" అని. నాకు మండింది. బటన్ ఒత్తి పట్టుకున్న, అన్న. ఏమన్ననో రాయి, నాకు సిగ్గు లేదు ఇప్పుడు. "ఒక్కటే ఎర్ర. మూడో బెంచి మూగది. దానికి చదువు రాదు గిదువు రాదు. వచ్చే ఏడు ఇంకో బడి చూసుకొమ్మని వాళ్లమ్మకు చెప్పేస్త, నా పీడ పోతది." వదిలేసిన. పోయింది.

పోయినంక చూసిన. అది టీచర్‌కు పోలే. పైన ఆమె ఉండె, కింద క్లాసు గ్రూపు ఉండె. కొందరు పిల్లల నిన్నటి వాయిస్‌లు గ్రూపులనే వస్తున్నయ్ గదా, అది పైకి ఎక్కింది, నా వేలు దాని మీద పడ్డది.

జల్ది జల్ది ఆ మాట మీద ఒత్తి పట్టుకుంటే తీసెయ్యాల్నా అని అడిగింది, ఏదో ఒకటి నొక్కిన, పోయింది. హమ్మయ్య అనుకొని గ్లాసెడు నీళ్లు తాగిన. స్టవ్ మీద చాయ పెట్టిన. చాయ పొంగుతుంటే టింగుమన్నది. మేకపిల్ల ఇంటి తల్లి రాసింది, "మేడమ్, ఎవరి గురించి మేడమ్ ఇది?" దండం బొమ్మ పెట్టి.

మీ అమ్మ గప్పుడే ఆఫీసు కెళ్లి వచ్చింది. ఫోన్ ఆమె చేతిల పెట్టిన. చూసింది, నా మొఖం చూసింది. "అత్తమ్మా, మీరు మీ ఒక్క ఫోన్ల కెళ్లే తీసిన్రు. అందరి ఫోన్లల్ల ఉన్నది."

"అయితే ఇప్పుడు అందరియల్ల తియ్యి."

"మీకు కనవడ్తలేదు గదా అత్తమ్మా, కనవడనిది ఎట్ల తీస్తం?"

"గ్రూపే తీసేద్దాం."

"తీసేసినా వాళ్లకు వచ్చింది వాళ్ల కాడనే ఉంటది. 'తప్పు వచ్చింది, వినకున్రి' అని రాయున్రి."

"పిచ్చిదానివా ఏంది! గట్ల రాస్తే వినని వాళ్లు కూడా వింటరు."

ఇరవై తొమ్మిది ఇండ్లు. ఇరవై ఎనిమిది ఇండ్ల వాళ్లు ఏమనుకున్నా అనుకోని, తిట్టినా తిట్టని. నా పాణం కొట్టుకున్నది ఒక్క ఇంటి కోసం. ఆరున్నరకు ఆ నాయిన వస్తడు, పిల్ల ఫోన్ అందుకుంటది, మేడమ్ పంపిన పేజీ అనుకొని చెవికి పెట్టుకుంటది. నా గొంతే వినవడ్తది. ఇగ ఆ పిల్ల దుప్పట్ల కూడా నోరు తెరుస్తదా? అదొక్క తొవ్వ నేనే మూసేస్తున్న. గడియారం చూస్తే ఐదుంబావు.

నాయినకు ఫోన్ చేసిన. మోగుతున్నది, ఎత్తడు. మళ్లీ చేసిన, మళ్లీ. అప్పుడు యాదికొచ్చింది, ఆ దుకాణం సేటు పనోళ్ల ఫోన్లన్ని సొరుగుల పెట్టిచ్చి దుకాణం మూసేటప్పుడు ఇస్తడని వాళ్లమ్మ ఒకపారి చెప్పింది. అంటే ఇంకా వినలే! చాయ స్టవ్ మీదనే ఇడిసి బయటికి ఉరికిన. మీ అమ్మ వెనుక కెళ్లి "అత్తమ్మా, చున్నీ, కండ్లద్దాలు" అని మొత్తుకుంటున్నది.

ఆటో దొరికింది. మాదన్నపేట దాటేదాక మంచిగనే పోయింది, యాకుత్‌పుర కాడ ఆగింది. ముందట ఏదో ట్రాలీ అడ్డం పడ్డది.

"భాయ్, జర జల్ది."

"అమ్మా, ఉడ్‌కే జావూఁ క్యా? ఎగిరి పోవాల్నా? ముందట చూడు."

"పిల్ల పాణం మీదికి వచ్చింది భాయ్."

ఆయన వెనక్కి తిరిగి చూసిండు. "దవాఖానా జానా క్యా అమ్మా? గట్ల చెప్పాలె గదా!" ఏం చెప్పాలె నేను? ఫోన్ల మాట పారేసుకున్న, దాన్ని పట్టుకోను పోతున్న అంటే ఆటోల కెళ్లి దింపేస్తడు. "హౌ భాయ్" అన్న. పాపం, హారన్ మోగించుకుంట, గల్లీలల్ల తిప్పుకుంట తీస్కపోయిండు. ఒళ్లె ఫోన్ టింగు టింగుమంటనే ఉన్నది. ఒక్కోటి మోగినప్పుడల్ల పిన్నీసు గుచ్చినట్టు. తెరిచి చూసే దమ్ము లేదు. బడి కాడ దిగినప్పుడు ఆరు దాటి పది నిమిషాలు.

బడి పక్క గల్లీలనే వాళ్లది, గాజుల దుకాణం వెనుక మెట్లెక్కితే ఒక్క అర్ర. వాళ్లమ్మ చీరెలకు ఫాల్ కుడ్తున్నది. నన్ను చూసి సూది నోట్లె పెట్టుకొనే లేచింది.

"అయ్యో మేడమ్! మా ఇంటికి! కబురు పంపితే నేనే రానా!" కుర్చీ మీది చీరెలు తీసి, కొంగుతోని తుడిచి, "కూసోన్రి, కూసోన్రి. ఏం చేసింది మేడమ్ మా పొల్ల?"

"ఏం చెయ్యలేదమ్మా. ఇటు పోతుండి వచ్చిన."

పొల్ల మూలకు ఉన్నది. ఒళ్లె పుస్తకం, పక్కన మడతపెట్టిన దుప్పటి. ఫోన్ కోసం తయారుగ కూసున్నది. నన్ను చూసి లేచి నిలబడ్డది, బళ్లె నిలబడ్డట్టు. ఇయ్యాల పొద్దుగాల నేను క్లాసును నవ్విచ్చింది దాని మొఖం మీద ఇంకా ఉన్నదా అని చూసిన. చూడలేకపోయిన.

"ఏం చెప్పాలె మేడమ్," అంటున్నది వాళ్లమ్మ, "మీ మాట వింటెనే అన్నం తింటది. మూడు సార్లు వింటది. నన్ను ఊపిరి కూడా ఇడువనియ్యదు, కుట్టు మిషన్ బంద్ చెయ్యమంటది. చాయ పెట్టనా?"

వద్దంటే వినలే. చాయ ఇచ్చింది. తాగకుంటనే కింద పెట్టేసిన. ఆమెకు చెప్పేద్దామా అనుకున్న. పిల్ల ఎదురుంగనే ఉన్నది, ఎట్ల చెప్త? మెట్ల మీద ఎవరు నడిచినా తలుపు దిక్కు తిరిగి చూస్తున్న. ఆరున్నర అయింది. ఆరుముప్పావు అయింది. ఎన్నడు ఆలస్యం కాడట ఆయన. "ఇయ్యాల ఏమాయెనో" అని వాళ్లమ్మ కిటికీల కెళ్లి చూసింది.

వచ్చిండు. నన్ను చూసిండు, గడప లోపటికి రాకుంట అక్కడనే నిలబడ్డడు. పొల్ల పోయి చెయ్యి చాపింది.

"ఇయ్యాల ఫోన్ లేదు బిడ్డా. చార్జింగ్ అయిపోయింది."

"పెడ్దాం అయితే, వైరు ఈడనే ఉన్నది" అన్నది వాళ్లమ్మ.

"అయిపోయిందని చెప్తున్న గదా!" గట్టిగ అన్నడు. అంగీ జేబుల ఫోన్ వెలుగుతనే ఉన్నది, బట్టల కెళ్లి కనవడ్తున్నది. పొల్ల కూడా చూసింది. నాకు అర్థమయింది. విన్నడు.

"మేడమ్, గల్లీ దాక ఇడిచిపెట్టొస్త" అన్నడు. తిడ్తడు, నలుగుర్ని పిలుస్తడు, రేపు బడి ముందట కూసుంటడు, ఇవన్ని అనుకుంట మెట్లు దిగిన. గాజుల దుకాణం పక్కన ఆగిండు. మెల్లగ మాట్లాడిండు.

"రోజు గల్లీ మూలమీద ఆగి ముందుగాల నేనే వింట మేడమ్. పేజీ మొత్తం విని ఇంటికి పోత. నాకు చదువు లేదు. బిడ్డ అడిగితే ఒక్క మాట అన్న చెప్పాల్నని వింట. ఇయ్యాల కూడా విన్న. మా బిడ్డ గురించేనా?"

కాదు అనొచ్చు. పేరు చెప్పలే గదా నేను. నోటి దాక వచ్చింది బిడ్డా, దేవుని సాక్షి, నోటి దాక వచ్చింది.

"అవును" అన్న.

"చదువుతది గదా అది? మీరు రోజు వింటున్నరు గదా మేడమ్?"

"మంచిగ చదువుతది."

"మరి గట్లెందుకన్నరు?"

"భయమయింది" అన్న. అరవైకి దగ్గర పడ్డ మనిషిని, చిన్నపిల్ల లెక్క.

ఆయన తల ఎత్తి మీది కిటికీ దిక్కు చూసిండు. అటెనుక ఫోన్ తీసి నా ముందు పట్టిండు. "దానికి నేను వినిపియ్య. కని దీన్ని తీసుడు నాకు రాదు. నా ఫోన్ అది రోజు తీస్కొని నొక్కుకుంట ఉంటది, నాకు తెల్వకుంట ఎప్పుడో ఒకప్పుడు పెట్టుకుంటది. మీరే తియ్యిన్రి."

మళ్లీ ఏదో నొక్కి ఇంకేదో చేస్తనని భయం. గాజుల దుకాణం లైటు కింద నిలబడి, చదివి చదివి, నొక్కిన. పోయింది. ఆయన తీసుకొని, ఉన్నదా పోయిందా అని కిందికి మీదికి జరిపి చూసి, మెట్లెక్కి పోయిండు. రా మేడమ్ అని అనలే, పో అని అనలే.

అయిపాయె అనుకుంటవా? నేను కూడా గట్లనే అనుకుందామని చూసిన. మిగితా ఇండ్లు ఏం చేస్తయ్? తెల్లారి హాజరు పిలుస్తున్న. ఆ పిల్ల పేరు పిలిచిన. చెయ్యి లేవలే. మళ్లీ పిలిచిన. కూసున్నది, బెంచి చూస్తున్నది, చెయ్యి మాత్రం లేపలే. మొదటి బెంచి పిల్ల లేచింది, "మేడమ్, మా మమ్మీ మీ వాయిస్ మస్తు సార్లు పెట్టింది మేడమ్. నేను దీనికి చెప్పిన." గర్వంగ చెప్పింది, ఏదో పని చేసి పెట్టినట్టు.

నాకు కుర్చీల కూసోబుద్ధి కాలే. లేచి అందరి ముందట చెప్పిన, నిన్న మేడమ్ ఫోన్ల అబద్ధం మాట్లాడింది, ఈ పిల్ల మీ అందరికన్న మంచిగ చదువుతది, నేను రోజు విన్న అని.

"మేడమ్‌లు కూడా అబద్ధం చెప్తరా మేడమ్?"

"భయమయితే చెప్తరు."

"మీకు ఎవరు భయం మేడమ్?"

ట్యాబ్ దిక్కు చూపిచ్చిన. క్లాసు క్లాసంత నవ్వింది. మూడో బెంచి నవ్వలే.

నెలాఖరుకు మీటింగ్ అయింది, అది కూడా విను. గోడ మీద మా బడి వచ్చింది, నా పేరు వచ్చింది, పక్కన ఎర్ర ఒకటి. రెండు నిమిషాలు కూడా ఉండలే, తర్వాతి బడి వచ్చింది. ఎవ్వరు తిరిగి నా దిక్కు చూడలే. నా పక్కన కూసున్న టీచర్ సమోసా తింటున్నది. దీని కోసమా నేను అంత మాట అన్నది అని ఆ కుర్చీల కూసొని ఏడ్చిన, కండ్లద్దాలు తుడుచుకున్నట్టు చేసి.

అసలు భయం వేరేది. రోజు ఆరుముప్పావు అవుతది. అందరి వాయిస్‌లు వస్తయ్, ఆ ఇంటి కెళ్లి రాదు. కూర తరుగుతుంట, చెయ్యి ఆగుతది, ఫోన్ దిక్కు చూస్త. ఒక రోజు, రెండు రోజులు, వారం. బళ్లె పోయి అడుగుదామంటే, అడిగితే ఇంకా లోపటికి పోతదేమో అని భయం. వాళ్లింటికి పోదామంటే ఆయన మొఖం చూడనీకి భయం. పేజీ పంపేటప్పుడు వినేది ఒకటికి పదిసార్లు, ఎక్కడన్న నా గొంతు కసిరినట్టు ఉన్నదా అని. పిల్లకు మాట పోయిందంటే నా వల్లనే పోయింది, ఇగ జీవితమంత గట్లనే ఉండిపోతదేమో అని దేవుని ముందట కూసున్న గని దండం కూడా సరిగ పెట్టలేకపోయిన.

అటెనుక పది పన్నెండు రోజులకు ఒకనాడు టింగుమన్నది. ఆ నంబరే. మీ అమ్మను పిలిచిన, నా పక్కన నిలబడమన్న, ఒక్కదాన్నే వినే ధైర్యం లేదు. పెట్టిన. దుప్పటి సప్పుడు లేదు. మొగ గొంతు! ఆ నాయిన. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట, మొదటి లైను చదువుతున్నడు. సగంల ఆగిండు. వెనుక కెళ్లి చిన్నగ, చెవిల చెప్పినట్టు, ఆ పొల్ల అందిచ్చింది. ఆయన అన్నడు. మళ్లీ ఆగిండు, మళ్లీ అందిచ్చింది. నడుమల ఒకపారి, "గట్ల కాదు నాయినా" అని కసిరింది కూడా. లైను అయిపోయింది, బందయింది. నాతోని ఒక్క మాట లేదు అందుల. నన్ను మాఫ్ చేసిందో లేదో నాకు తెల్వదు. కని ఆ గొంతు పోలే బిడ్డా, ఉన్నది! మీ అమ్మ, నేను ఒకల్ల చెయ్యి ఒకలం పట్టుకొని నిలబడ్డం.

ఇగ నేను జవాబియ్యాలె గదా. బటన్ మీద బొటనవేలు పెట్టిన. పెట్టి, ఏం మాట్లాడాల్నో, మాట్లాడితే ఆ పిల్ల నా గొంతు విని మళ్లీ... ఆఁ? ఏందే? వస్తున్ననే, వస్తున్న! మీ అమ్మకు ఇప్పుడే యాదికొస్తది అన్నం సల్లారుతున్నదని. నువ్వు రాయి, ఆపకు, ఈ ఒక్క ముచ్చట. మెల్లగ బటన్ ఒత్తి, ఆ నాయిన పేరు కూడా పిలువకుంట సీదా ఆ పిల్లనే పిలిచి, "బిడ్డా, మీ నాయినకు రెండో లైను నువ్వే నేర్పు, నేను వింట" అని పంపిన... అబ్బ, వస్తున్న అంటున్న గదా, వడ్డియ్యి అయితే, పప్పుల నెయ్యి నేను వచ్చినంకనే వెయ్యి.